నాయనమ్మ పన్ను పీకించుకున్న రోజు

నా చిన్నప్పుడు మా వీధిలో అన్నం తినని పిల్లల్ని బూచాడి పేరు చెప్పి బెదిరించేవాళ్ళు కాదు. "చైనా డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి పళ్ళన్నీ పీకించేస్తా" అనేవాళ్ళు. ఆ మాటకి ఎంత మొండి పిల్లైనా నోరు తెరిచేది. బెజవాడ వన్‌టౌన్‌లో కాలవకి దగ్గరగా మా వీధి, ఆ వీధి మలుపులో ఆయన ఆసుపత్రి. ముందు ఒక గది, వెనక వాళ్ళు కాపురముండే రెండు గదులు, అంతే. ముందు గదిలో నేలకి బోల్టులతో బిగించిన పెద్ద ఇనప కుర్చీ ఉండేది. అద్దాల బీరువాలో కట్టుడు పళ్ళ వరసలు వీధిలోకి నవ్వుతున్నట్టు ఉండేవి. గుమ్మం పైన బోర్డు మీద ఒక పన్ను బొమ్మ, దాని కింద తెలుగులో 'పళ్ళ డాక్టరు' అని, పక్కన ఎర్ర రంగుతో నిలువుగా రాసిన చైనా అక్షరాలు. వాటిని మేం పిల్లలం కిటికీలున్న ఇళ్ళ బొమ్మలనుకునేవాళ్ళం.

వాళ్ళ నాన్నగారు ఎప్పుడో ఓడెక్కి కలకత్తా వచ్చి, అక్కణ్ణుంచి ఊరూరా తిరిగి, చివరికి బెజవాడలో ఆగిపోయారట. ఆయన చేసే పళ్ళ పనే కొడుకైన మా డాక్టరు గారూ నేర్చుకున్నాడు. మాట చివర ఎప్పుడూ 'అండీ' ఉండేది. అయిదేళ్ళ పిల్లనైనా 'మీరు' అనేవాడు. ఒక్క 'ళ' మాత్రం ఆయన నోటికి తిరిగేది కాదు. జీవితమంతా పళ్ళతోనే పని, ఆ మాటే 'పల్లు' అనేవాడు. భార్యని కలకత్తా నుంచి చేసుకొచ్చాడు. ఆవిడకి తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది. వాళ్ళమ్మాయీ నేనూ ఒకే బడికి, ఒకే తరగతికి, చేతులు పట్టుకుని వెళ్ళేవాళ్ళం.

ఒకసారి ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేస్తుంటే నా గొంతులో శీలావతి చేప ముల్లు గుచ్చుకుంది. అన్నం ముద్దలు మింగించారు, అరటిపండు మింగించారు, కదల్లేదు. నాకు ఊపిరాడటం లేదని మా నాయనమ్మ నన్ను చంకనేసుకుని పరుగెత్తింది డాక్టరు గారి దగ్గరికే. ఆయన అన్నం తింటున్న చెయ్యి కడుక్కుని వచ్చి, పొడుగాటి పట్టకారుతో ఆ ముల్లు తీసేశాడు. మా నాయనమ్మ అలాంటివి మర్చిపోయే మనిషి కాదు.

అయినా తన పంటికి మాత్రం ఆయన దగ్గరికి వెళ్ళేది కాదు. ఆవిడకి ఒక దవడ పన్ను పుచ్చిపోయి ఏళ్ళ తరబడి బాధపెట్టేది. లవంగం నొక్కిపెట్టి, ఉప్పునీళ్ళు పుక్కిలించి నెట్టుకొచ్చేది. సూదంటే అంత భయం. మా తాతయ్య పోయాక ఇద్దరు కొడుకుల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి, సూది చూస్తే ముఖం తిప్పుకునేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చైనాతో యుద్ధం వచ్చింది. మలుపులోని కాఫీ హోటల్లో రేడియో చుట్టూ జనం మూగేవాళ్ళు. వార్తలు అయిపోయాక ఒకరిద్దరు తల తిప్పి డాక్టరు గారి బోర్డు వైపు చూసేవాళ్ళు. మొదట్లో అంతే, చూపులే. తర్వాత ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన పోలీసు స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టి రావాల్సి వచ్చేది. అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్నారు. అంతకుముందు వారానికోసారి పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్ళి, ఆ చుట్టుపక్కల రైతులకి పళ్ళు చూసి వచ్చేవాడు. అది ఆగిపోయింది. బడిలో ఎవరో వాళ్ళమ్మాయిని 'శత్రువు' అన్నారు. మర్నాటి నుంచి తను బడికి రాలేదు. నేను ఖాళీ చెయ్యి ఊపుకుంటూ వెళ్ళాను.

ఒక పొద్దున లేచి చూసేసరికి బోర్డు నిండా తారు పులిమి ఉంది. డాక్టరు గారు స్టూలెక్కి కిరసనాయిల్ గుడ్డతో తుడుస్తున్నాడు. ఎదురు కొట్టు సాయిబు గారు స్టూలు కదలకుండా కింద పట్టుకుని నిలబడ్డాడు. ఆయనది పటాలకి అద్దాలు బిగించే కొట్టు. మా నాయనమ్మ కూడా వెళ్ళింది, వెనకే నేను.

"కొన్నాళ్ళు ఆ చైనా అక్షరాలు తీసేయండి డాక్టరు గారూ. గొడవ సద్దుమణిగాక మళ్ళీ రాయించుకోవచ్చు" అన్నాడు సాయిబు గారు.

డాక్టరు గారు తుడవడం ఆపలేదు. "అది మా నాన్నగారు తన చేత్తో రాసిన పేరండీ. అది తీసేస్తే రేపు తెలుగు కూడా తీసేయమంటారు. అప్పుడు నేను ఎక్కడి వాణ్ణని చెప్పుకోనండీ?"

సాయిబు గారు స్టూలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తారు కొంత పోయింది, కొంత పోలేదు. ఎర్ర అక్షరాలు మాత్రం కనపడేటట్టు మిగిలాయి.

ఆ సాయంత్రం రైల్వేలో పనిచేసే మా నాన్న ఒక కబురు తెచ్చాడు. మర్నాడు కుర్రాళ్ళు ఊరేగింపు తీస్తున్నారట. కాలవ వంతెన దగ్గర బయల్దేరి మా వీధి మీదుగా వెళ్తుందట. చైనా వాడి ఆసుపత్రి పగలగొట్టి మరీ వెళ్తామని అనుకుంటున్నారట. పోలీసులకి ఎవరో చెప్పే ఉంటారులే అన్నాడు నాన్న. అమ్మ నన్ను రేపు బయటికి వెళ్ళొద్దంది. నాయనమ్మ కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ తల దువ్వుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, చాప మీద మోకాళ్ళూని ప్రార్థన చేసుకుంది. లేచి నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికత్తయ్యా?" అంది అమ్మ.

"పన్ను పీకించుకోటానికి."

ఇన్నేళ్ళూ బతిమాలినా కదలని మనిషి ఇవాళే ఎందుకు బయల్దేరిందో అమ్మకి అర్థమయ్యే ఉంటుంది. "పిల్లెందుకు?" అని మాత్రం అంది. "దీని స్నేహితురాలు అక్కడ ఒక్కతే ఉంది" అంది నాయనమ్మ. అంతే, బయల్దేరాం.

ఆసుపత్రి తలుపులు మూసి ఉన్నాయి. నాయనమ్మ తట్టింది. చాలాసేపటికి ఒక రెక్క కొంచెం తెరుచుకుంది. డాక్టరు గారి ముఖం పాలిపోయి ఉంది.

"ఇవాల వద్దు అమ్మగారూ. ఇవాల మూసేశానండీ."

"నొప్పి ఇవాళే వచ్చింది. రెండు రెక్కలూ తీయండి. చీకట్లో పన్నెట్టా పీకుతారు?"

ఆయన అలాగే నిలబడి ఆవిడ వంక చూశాడు. తర్వాత రెండు రెక్కలూ తీశాడు. వీధిలోని ఎండ గదిలోకి, కుర్చీ దాకా వచ్చి పడింది. నాయనమ్మ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు తెరిచింది. నేను గోడవారన బల్ల మీద కూర్చున్నాను. వెనక గది కర్టెన్ పక్కనుంచి నా స్నేహితురాలు మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత తన చెయ్యి నా చేతిలో ఉంది.

ఆయన సూది వేశాడు. నాయనమ్మ కాళ్ళ బొటనవేళ్ళు ముడుచుకోవడం నాకు కనిపించింది. దవడ మొద్దుబారేదాకా ఆగి, ఆయన పనిముట్టు తీసుకున్నాడు. అప్పటికే దూరాన్నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. ఆయన తొందరపడబోతే నాయనమ్మ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. 'మెల్లగా' అన్నట్టు చెయ్యి ఊపింది. ఆయనకి అప్పుడు అర్థమైంది. దూది మార్చాడు, అద్దంతో చూశాడు, చిగురు సవరించాడు, మళ్ళీ దూది మార్చాడు. ఎంతసేపైనా చెయ్యగల పని అది.

కుర్రాళ్ళు గుమ్మంలోకి వచ్చేశారు. చేతుల్లో కర్రలున్నాయి. డాక్టరు గారు వెనక్కి తిరగలేదు. రోజూ రోగులకి చెప్పినట్టే, అలవాటు కొద్దీ, "చెప్పులు బయట విప్పండీ" అన్నాడు. ముందున్న ఇద్దరు కుర్రాళ్ళు ఏమనుకున్నారో ఏమో, నిజంగానే చెప్పులు విప్పి లోపల అడుగుపెట్టారు.

వాళ్ళలో ముందున్నవాడు పై వీధి బియ్యం కొట్టు వాళ్ళబ్బాయి. కాలేజీలో చదువుతున్నాడు. వాళ్ళన్న సైన్యంలో ఉన్నాడు, ఎక్కడో మంచుకొండల్లో. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అతని కబురు లేదు. ఆ సంగతి వీధి వీధంతా తెలుసు. కుర్రాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపమే కాదు, నిద్రలేని కళ్ళవి.

"మామ్మగారూ, మీరు లేవండి. మాకు పనుంది" అన్నాడు.

నాయనమ్మ నోట్లో దూది, దాని మీద నెత్తురు. "ఆ... ఆ..." అని నోరు చూపించి, చేత్తో బల్ల చూపించింది. కూర్చో, నా పని అయ్యాక రా అన్నట్టు. వెనకనున్న వాళ్ళల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతని ముఖం ఇంకా ఎర్రబడింది.

"మా అన్న బతికున్నాడో లేదో తెలీదు. వీళ్ళ మనుషులు అక్కడ మనవాళ్ళని చంపుతుంటే మీరు వీడి చేత వైద్యం చేయించుకుంటారా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అతని గొంతు అలా ఉంది. డాక్టరు గారు అప్పుడు పనిముట్టు పళ్ళెంలో పెట్టి అతని వైపు తిరిగాడు.

"మీ అన్నగారి కబురు ఇంకా రాలేదా అండీ? సైన్యంలో చేరే పరీక్షకి వెల్లే ముందు నా దగ్గరికే వచ్చారు. రెండు పల్లు పాడైతే బాగుచేశానండీ. ఈ కుర్చీలోనే కూర్చున్నారు. పాసయ్యాక లడ్డూ కూడా తెచ్చారు." చేతులు తుడుచుకుంటూ, "నేను రోజూ రేడియో వింటానండీ" అన్నాడు.

అప్పుడే సాయిబు గారు లోపలికి వచ్చాడు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, కర్రల మధ్యనుంచి దారి చేసుకుని, మా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "అమ్మగారి తర్వాత వంతు నాదయ్యా. నాకూ పన్నే" అన్నాడు. ఆయన వెనకే పక్కింటి అత్తయ్య చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని వచ్చి, అక్కడే కింద చతికిలపడింది.

ఆ కుర్రాడు కుర్చీ వంక చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళన్న కూర్చున్న కుర్చీ అది. కాసేపటికి కర్ర దించి, "పదండ్రా" అన్నాడు. వెళ్ళేటప్పుడు గుంపు వెనకనుంచి ఎవరో ఒక రాయి విసిరారు. బీరువా అద్దం పగిలి కట్టుడు పళ్ళు నేల మీద చెల్లాచెదురయ్యాయి. అంతకుమించి ఏం జరగలేదు. నినాదాలు వీధి చివరకి, అక్కణ్ణుంచి రోడ్డు మీదకి వెళ్ళిపోయాయి.

డాక్టరు గారు పనిముట్టు కడుక్కుని వచ్చి ఒక్క పట్టుతో ఆ పన్ను పీకేశాడు. పని అయ్యాక నేల మీద కూర్చుని, పడిపోయిన కట్టుడు పళ్ళు ఒక్కొక్కటే ఏరాడు. కర్టెన్ వెనకనుంచి వాళ్ళావిడ వచ్చి నాయనమ్మ రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకి అద్దుకుంది. ఏదో అంది, వాళ్ళ భాషలో. నాయనమ్మకి ఆ భాష రాదు, మొద్దుబారిన నోటితో తెలుగూ రాదు. ఆవిడ తల నిమిరి ఊరుకుంది. సాయిబు గారు అప్పుడే బీరువా తలుపు కొలత తీసుకుంటున్నాడు. సాయంత్రానికి కొత్త అద్దం బిగించేశాడు. "ఇవాళ ఇక్కడికొచ్చినోళ్ళు రేపు నా కొట్టుకి రారని ఏముంది అమ్మా" అని మా నాయనమ్మతో అనడం విన్నాను.

మొద్దు వదిలాక, ఇంటి దగ్గర నేనడిగాను. వాళ్ళకి తప్పని చెప్పొచ్చుగా, పన్నెందుకు పీకించుకున్నావని.

"చెప్తే మాటకి మాటొచ్చుద్ది. మాటల్లో కుర్రాళ్ళే గెలుస్తారు. ముసలిదాన్ని కుర్చీలోంచి లాగాలంటే మాత్రం ఎవడికైనా సిగ్గేసుద్ది" అంది. తర్వాత దవడ నొక్కుకుంటూ, "ఎట్టాగూ పీకించాల్సిన పన్నే" అని నవ్వింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆ బల్ల ఖాళీగా ఉండలేదు. నొప్పి ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి కూర్చునేవాళ్ళు. నాయనమ్మ మా ఇద్దర్నీ తనే బడి దాకా దిగబెట్టి వచ్చేది. పై వీధి కుర్రాడి అన్న చలికి కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు గానీ ప్రాణాలతో తిరిగొచ్చాడు. వచ్చాక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

పెళ్ళయ్యాక మావారు ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పే పని వదిలి ఆఫ్రికాలో జాంబియా దేశం వెళ్తానన్నారు. అక్కడ రాగి గనుల ఊళ్ళో లారీల విడిభాగాల కొట్టు పెట్టాలని ఆలోచన. నాయనమ్మ అప్పటికి లేదు. వెళ్ళేముందు డాక్టరు గారికి చెప్పడానికి వెళ్ళాను. ముసలివాడైపోయాడు. నన్ను కూర్చోబెట్టి, నేనడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "మీ కాగితాలన్నీ ఎప్పుడూ సరిగ్గా ఉంచుకోండి అమ్మా. అది మొదటిది. అక్కడి భాషలో ధరలు నేర్చుకునే ముందు 'బాగున్నారా' అనడం నేర్చుకోండి. కొట్టుకి గట్టి తాలం వేయండి. కొట్టు ముందు ఒక బల్ల కూడా వేయండి. తాలం దొంగ కోసం. బల్ల మీ కోసం."

చిన్నప్పుడు ఆయనంటే భయపడ్డ పిల్లనే అయినా, ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. పొద్దున్నే కొట్టు తెరుస్తూ అక్కడి బెంబా భాషలో 'ములి షాని', అంటే బాగున్నారా అని పలకరించడం నేర్చుకున్నాను. మొదట్లో నా ఉచ్చారణకి నవ్వేవాళ్ళు. నవ్వడానికైనా ఆగేవాళ్ళు. మా బల్ల మీద రోజూ టమాటాలు అమ్ముకునే ఒక పెద్దావిడ కూర్చునేది. నా పిల్లలకి ఆవిడ ఒళ్ళో నిద్రపోవడం అలవాటు.

ఒక ఏడాది మొక్కజొన్న పిండి ధర పెరిగి ఊళ్ళో గొడవలు లేచాయి. ఆకలితో ఉన్న జనం కొట్ల మీద పడ్డారు. పరాయిదేశం వాళ్ళ కొట్లంటే మరీ కోపం. మా షట్టరు విరగ్గొట్టారు. బ్యాటరీలు, టైర్లు చాలా పోయాయి. మా విషయంలో ఏ అద్భుతమూ జరగలేదు. కానీ గుంపు మలుపు తిరగకముందే టమాటాల ఆవిడ మా పెరట్లోంచి వచ్చి, నా ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. వాళ్ళింట్లోనూ ఆ రోజు పొయ్యి వెలిగేంత పిండి లేదని నాకు తర్వాత తెలిసింది. ఉన్న చిలగడదుంపలు నా పిల్లలకి పెట్టిందట.

మర్నాడు పిల్లల్ని తెచ్చి అప్పగించి, పగిలిన షట్టరు ముందు టమాటాలు పోసుకుని కూర్చుంది. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాను. నాకొచ్చిన బెంబా భాషంతా ఎటో పోయింది. ఏదో అన్నాను, తెలుగులోనే అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, నా తల నిమిరింది. అప్పటిదాకా ఆ పాత రోజుని నేను బల్ల మీద కూర్చున్న పిల్లగానే చూశాను. డాక్టరు గారి భార్యలా కర్టెన్ వెనక నిలబడి వినడం ఎలా ఉంటుందో ఆ పొద్దున తెలిసింది. మళ్ళీ షట్టరు బిగించుకున్నాం, మళ్ళీ సరుకు తెచ్చుకున్నాం. పిల్లలు అక్కడే పెద్దవాళ్ళయ్యారు. అన్నం పెట్టిన ఊరది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

బెజవాడ తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. డాక్టరు గారూ లేరు, ఆ ఆసుపత్రీ లేదు. వాళ్ళమ్మాయి కెనడాలో మనవళ్ళతో ఉంది. ఫోన్ చేస్తే ఇప్పటికీ నాతో తెలుగే మాట్లాడుతుంది. తనకి మాత్రం 'ళ' బాగా పలుకుతుంది.

నాయనమ్మ పోయేముందు ఒకసారి ఆ రోజు సంగతి తలుచుకున్నాం. "నీకంత ధైర్యం ఎట్టా వచ్చింది?" అని అడిగాను. "ధైర్యం ఎవరికొచ్చింది? గుమ్మం దిగేటప్పుడు కాళ్ళు వణికినయ్యి. నీ చెయ్యి పట్టుకుంది నిన్ను నడిపించటానికి అనుకున్నావా?" అంది.

ఈమధ్య మా వీధిలో నేపాల్ నుంచి వచ్చిన ఒక జంట చిన్న నూడుల్స్ కొట్టు పెట్టుకున్నారు. మొన్నొక సాయంత్రం అక్కడ గొంతులు పెద్దవయ్యాయి, ఎక్కణ్ణుంచో వచ్చి ఇక్కడ తిష్టవేశారని ఎవరో అరుస్తున్నారు. డెబ్భై దాటిన నా గుండె గబగబా కొట్టుకుంది. ఇంట్లో వాళ్ళు మనకెందుకన్నారు. నేను చెప్పులు వేసుకుని వెళ్ళి, ఆ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నాకు రుచించని ఆ నూడుల్స్ ఒక ప్లేటు చెప్పాను. మెల్లగా తిన్నాను. అయిపోయేసరికి అరిచేవాళ్ళు వెళ్ళిపోయారు. కొట్టు నడిపే ఆ పిల్ల నా ప్లేటు తీసుకుని ఇంకొంచెం వేసింది. భయం పోయాక బయల్దేరదామనుకుంటే ఎప్పటికీ బయల్దేరలేమని నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. వణుకుతున్న ఒక చెయ్యి నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. ఆ చేతికి నేను ఇవాళ్టికీ రుణపడే ఉన్నాను.